పళ్లెంలో పనిచేసిన మందు

హలోరన్ వాళ్ల ఇంట్లో భోజనాల దగ్గర కిడ్నీల గురించి మాట్లాడుకుంటారని పెళ్లికి ముందు నాకు తెలియదు. పక్కింటివాళ్లు క్రికెట్ గురించి మాట్లాడుకున్నట్టే వీళ్లు రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ గురించి మాట్లాడుకునేవారు. మా మామగారు బొగ్గు రేవులో పనిచేసి, యాభై దాటీ దాటకుండానే డయాలిసిస్ మిషన్ పక్కన కుర్చీలో పోయారు. ఆయన తల్లీ అంతే. కిడ్నీల నిండా నీటి తిత్తులు పుట్టి, ఏటికేడు ఉబ్బుతూ, చివరికి మంచి భాగమనేది మిగలకుండా చేసే జబ్బు వాళ్ల రక్తంలోనే ఉంది. కన్నవాళ్లలో ఒకరికి ఉంటే చాలు, పిల్లల్లో ఎవరికైనా వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. నాణెం ఎగరేసినట్టే.

ఆయనకి ఇద్దరు పిల్లలు. పెద్దది నెరిడా, చిన్నవాడు క్లిఫ్. ఇద్దరికీ ఒకే రోజు స్కానింగ్ తీశారు. నెరిడా కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. క్లిఫ్‌వి అప్పటికే తిత్తులతో గుత్తులు కట్టి ఉన్నాయి. ఆ సాయంత్రం క్లిఫ్ అక్కని పబ్‌కి తీసుకెళ్లి, "నీకు రాలేదు, అది చాలు, తాగు" అని బీరు ఇప్పించాడట. ఆ సంగతి నెరిడా వచ్చినప్పుడల్లా చెప్పేది. వాళ్లిద్దరి మధ్యా అంత ప్రేమ ఉండేది. ఈ మాట ముందే చెప్పకపోతే ఇక మీదట నేను చెప్పేదంతా ఆడపడుచు మీద అక్కసులా వినిపిస్తుంది.

నా పేరు గ్లెనిస్. క్లిఫ్ భార్యని. ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ రేవుకి ఎదురుగా, నది అవతలి ఒడ్డున స్టాక్టన్‌లో మా ఇల్లు. క్లిఫ్ టగ్ బోటు మీద పనిచేసేవాడు. బొగ్గు కోసం వచ్చే పెద్ద ఓడల్ని రేవులోకి లాగడం, నిండాక సముద్రంలోకి సాగనంపడం. నేను బేకరీలో పని. మాకు ఒక్కతే కూతురు, టెగన్. నెరిడా పెళ్లి చేసుకోలేదు. సిడ్నీలో ఒక పెద్దాసుపత్రిలో పరిశోధన చేస్తుంది. కాన్సరు వచ్చి తీసేసిన కిడ్నీల్లో పాడవని ముక్క తెచ్చుకుని, అందులోని కణాల్ని మూతలున్న చిన్న చిన్న పళ్లేల్లో పెంచుతుంది. తండ్రి పోయిన ఏడే ఆ పనిలో చేరింది. ఎందుకు చేరిందో ఎవరూ అడగక్కర్లేదు.

టెగన్‌కి తొమ్మిదేళ్లప్పుడు, ఒక క్రిస్మస్ మధ్యాహ్నం మా పెరట్లో అందరం రొయ్యలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. మాకు డిసెంబరంటే నడివేసవి, ఎండ మండిపోతోంది. నెరిడా రైలు దిగి వచ్చిన దగ్గర్నుంచీ కాలు నిలవకుండా తిరుగుతోంది.

"ఏంటే అక్కా, లాటరీ తగిలిందా?" అన్నాడు క్లిఫ్.

"అంతకన్నా మంచిదే. కొలెస్ట్రాల్ మాత్ర తెలుసుగా? స్టాటిన్?"

"పక్కింటి బార్నీ వేసుకుంటాడు. వేసుకుని సాసేజీలు లాగిస్తాడు."

"అదే. దాన్ని నా కణాల మీద పోశాను. పెరగడం ఆగిపోయాయిరా."

"చచ్చుంటాయి," అన్నాను నేను.

"చావలేదు వదినా. బతికే ఉన్నాయి, ఊరికే ఆగాయి. కణం ఒకటి రెండవ్వాలంటే దానికి కొన్ని కొవ్వు ముక్కలు కావాలి. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే అవీ తయారవుతాయి. ఈ మాత్ర ఆ దారికి మొదట్లోనే అడ్డంగా కూర్చుంటుంది. ఆ ముక్కల్ని నేను బయట్నుంచి మళ్లీ పోస్తే మళ్లీ పెరుగుతున్నాయి. అంటే ఆపింది మందే. ఇంకోటి కూడా ఉంది." రొయ్య చేతిలో అలాగే ఉండిపోయింది. "కిడ్నీలో దెబ్బతిన్న చోటల్లా మచ్చ కడుతుంది, చెయ్యి కాలితే కట్టినట్టే. మచ్చ కట్టిన చోట ఇక వడపోత ఉండదు. నాన్నని చంపింది ఆ మచ్చే. ఈ మందు పోస్తే కణాలు ఆ మచ్చ సరుకు కూడా తక్కువ చేస్తున్నాయి."

క్లిఫ్ చేతులు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నేను వేసుకోవచ్చా?"

"నువ్వు వేసుకుంటే నష్టమేం లేదు. కొన్ని లక్షల మంది వేసుకుంటున్నారు. లాభం ఉందో లేదో తేలాలి."

ఆ చివరి మాట ఆవిడ చెప్పింది. నేను విన్నాను. కానీ ఆ చెప్పడంలో మొహం వెలిగిపోతూ ఉంటే ఎవరైనా మాట వింటారా, మొహం చూస్తారా? జనవరిలో మా డాక్టరు రాసిచ్చాడు. ఎలాగూ కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువే ఉంది కనక అతనికీ అభ్యంతరం లేకపోయింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం టీవీలో వార్తలు మొదలవగానే క్లిఫ్ మాత్ర వేసుకునేవాడు. "మా అక్క మందు" అనేవాడు. అది వాళ్ల అక్క మందు కాదు, ఏ మందుల షాపులోనైనా దొరికేదే. అయినా అలాగే అనేవాడు. ఉప్పు తగ్గించాడు, సిగరెట్ మానేశాడు, బీపీ మాత్రలు తప్పకుండా వేసుకున్నాడు. పొట్ట మాత్రం పెరుగుతూ వచ్చింది. కొవ్వు కాదు, కిడ్నీలు. రెండు పక్కలా రెండు పుచ్చకాయలు మోస్తున్నట్టు నడిచేవాడు. టగ్ మీద కుర్రాళ్లు, "ఎన్నో నెల, క్లిఫ్?" అని ఏడిపించేవారు. నవ్వేవాడు. రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకోవాలో తెలియక కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడు.

న్యూకాజిల్‌లో మా కిడ్నీ డాక్టరు పేరు బర్గెస్. మాట కరుకు, మనిషి మంచిది. రక్తపరీక్షలు చూసి ఒకరోజు చెప్పింది.

"డయాలిసిస్ మిషన్ మీదకి వెళ్లకముందే కిడ్నీ మార్పించుకుంటే అంతకన్నా మంచిది లేదు. మీకు సొంత అక్క ఉన్నారు, ఆవిడకి జబ్బు లేదు, రక్తం గ్రూపు కలుస్తుంది. ఇంకేం కావాలి? మాట్లాడి రండి."

క్లిఫ్ అడగలేకపోయాడు. ఎలా అడుగుతాడు? "నీ ఒంట్లోది ఒకటి కోసి ఇవ్వు" అని అన్నం పెట్టమన్నంత తేలిగ్గా అడగలేం కదా. నేనే ఫోన్ చేశాను.

"ఇస్తాను వదినా. ఇవ్వనని కాదు. కానీ ఇప్పుడే తొందరెందుకు? నాలుగైదు ఊళ్లలో ఈ మందు మీద పెద్ద పరీక్ష నడుస్తోంది. రోగులకే ఇచ్చి చూస్తున్నారు. అది తేలనీ. ఈ మందుతో ఇంకో ఐదేళ్లు లాగగలిగితే ఆ ఐదేళ్లూ లాభమేగా? మార్చిన కిడ్నీ కూడా ఎల్లకాలం ఉండదు. ఎంత ఆలస్యంగా పెడితే అంత మంచిది."

తప్పు మాటేం కాదు. క్లిఫ్‌కి చెబితే ప్రాణం లేచొచ్చినట్టు, "చూశావా, అక్క అన్నీ ఆలోచిస్తుంది" అన్నాడు. ఆగాం. ఒక ఏడాది, ఇంకో ఏడాది. ప్రతిసారీ నెరిడా దగ్గర ఏదో ఒక కొత్త కబురు ఉండేది. ఎలుకల్లో పనిచేసిందనో, జపాన్‌లో ఎవరికో ఇలాంటిదే కనబడిందనో.

క్లిఫ్‌కి నోట్లో ఎప్పుడూ ఇనుము రుచి తెలియడం మొదలైంది. మాంసం వాసన పడేది కాదు. పడవ మీద తాడు పట్టుకుని కళ్లు తిరిగి పడబోతే కెప్టెన్ ఇంటికి పంపించేశాడు. నవంబరులో బర్గెస్ దగ్గరికి వెళ్లాం. చెయ్యి నరానికి ఆపరేషన్ చేసి మిషన్‌కి సిద్ధం చేయాలంది.

"మరి ఆ కొలెస్ట్రాల్ మాత్ర డోసు పెంచితే?" అన్నాడు క్లిఫ్.

"గుండె కోసం ఉంచండి, పెంచక్కర్లేదు. కిడ్నీలకైతే దానివల్ల తేడా లేదని తేలిపోయిందిగా." కాగితాల్లోంచి తల ఎత్తి మా మొహాలు చూసింది. "మీ అక్కగారు చెప్పలేదా? ఆ ఫలితాలు చదివిన సభలో ఆవిడ నా ముందు వరసలోనే కూర్చున్నారు."

ఫెర్రీలో నది దాటి ఇంటికి వస్తూ క్లిఫ్ పడవ అంచున నిలబడ్డాడు. ఎదురుగా ఎర్రటి ఓడ ఒకటి రేవులోకి వస్తోంది. తన టగ్ దాన్ని నెడుతోంది. దానివైపు కూడా చూడలేదు. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసి, "ఆదివారం రా" అని పెట్టేశాడు.

ఆదివారం నేను బంగాళాదుంపలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెడుతున్నాను. పొటాషియం పోవాలంటే అలా చెయ్యాలి. నెరిడా వంటింట్లోకే వచ్చి కూర్చుంది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు క్లిఫ్.

ఏమిటని అడగలేదు ఆవిడ. "చలికాలం నుంచి."

"ఇప్పుడు ఎండాకాలం వచ్చేసింది."

"ఆ పరీక్ష సరిగ్గా జరగలేదురా. అప్పటికే బాగా ముదిరిపోయినవాళ్లని తీసుకున్నారు. పైగా తక్కువ కాలం..."

"నేను ముదరలేదా? నన్ను చూడక్కా. నీకు నేనెలా కనిపిస్తున్నాను?"

నెరిడా టేబుల్ మీది ఉప్పు లేని బిస్కెట్ల పొట్లం వైపు చూస్తూ కూర్చుంది.

"ఒక్కటే అడుగుతా," అన్నాడు క్లిఫ్. గొంతు పెంచలేదు. "ఆ మందు వెంట ఇన్నేళ్లు పడ్డావు. నా కిడ్నీ కాపాడ్డానికా, నీ కిడ్నీ నీ దగ్గరే ఉంచుకోడానికా?"

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. ఏదీ చెయ్యలేదు.

"రెండింటికీ," అంది.

పొయ్యి మీద నీళ్లు పొంగాయి. నేను కట్టేశాను.

"వారం వారం నా బల్ల మీదకి ఒక కిడ్నీ వస్తుంది," అంది నెరిడా. "ఎవరిదో, ఏ పేరూ ఉండదు. కోసి, ముక్కలు చేసి, జల్లెడ పడతాను. చెయ్యి వణకదు. కానీ నన్ను పడుకోబెట్టి, నా పక్కన కోసి... తలుచుకుంటే ఊపిరి ఆడదురా. నాన్నకి సూదులు గుచ్చుతుంటే నేను గది బయట వాంతి చేసుకునేదాన్ని, నీకు తెలుసు. మందు పనిచేస్తే ఆ అవసరం రాదనుకున్నాను. పనిచేస్తుందనే నమ్మాను. అబద్ధం చెప్పలేదు."

"ఈ మాట మొదటే చెప్పుంటే నేను ఏమీ అనుకునేవాణ్ని కాదే," అన్నాడు క్లిఫ్. "భయమంటే నాకు తెలీదా? నాకూ భయమే. కానీ నువ్వు ఇస్తావని కూర్చున్నాను చూడు, అదీ నా ఏడుపు."

ఆవిడ తర్వాతి ఫెర్రీకి వెళ్లిపోయింది. అన్నం తినమని నేను అనలేదు.

డయాలిసిస్ మొదలైంది. రోజు విడిచి రోజు. పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నానికి పిండేసిన గుడ్డలా వచ్చి పడేవాడు. నీళ్లు కొలిచి తాగాలి. దాహానికి ఐసు ముక్కలు చప్పరించేవాడు. టమాటా లేదు, అరటిపండు లేదు, చిప్స్ లేవు. టగ్ ఉద్యోగం పోయింది. రేవుగట్టు మీద కూర్చుని తన పడవని తనే చూసుకునేవాడు. టెగన్‌కి అప్పుడు పదిహేనేళ్లు. దానికి స్కానింగ్ ఇంకా తీయించలేదు. పెద్దయ్యాక అదే నిర్ణయించుకుంటుందని అనుకున్నాం.

ఒకరోజు బర్గెస్‌ని నేనే అడిగాను, భార్యది పనికొస్తుందా అని. రక్తం గ్రూపు కలిస్తే పనికొస్తుందంది. కలిసింది. ఇంటికొచ్చి చెబితే క్లిఫ్ మండిపడ్డాడు.

"వద్దు. నీది టెగన్‌ది."

"టెగన్‌కి ఏమీ లేదు."

"లేదని నీకెవరు చెప్పారు? సగానికి సగం. రేపు దానికి కావాల్సొస్తే ఎవరిస్తారు? నేనివ్వలేను. నువ్వొక్కదానివే. ఇవ్వగలిగేది ఒక్కటి, నాకు పెట్టేస్తే దానికేం పెడతావు?"

"అప్పటికి మందులొస్తాయి."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. వాడికి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు.

"అచ్చం మా అక్కలా మాట్లాడావు."

కానీ మనిషి కరిగిపోతుంటే ఎదురుగా కూర్చుని లెక్కలు వేస్తూ ఉండలేకపోయాను. చావుబతుకుల్లో ఉన్నది ఇవాళ వీడు. రేపటి సంగతి రేపు. ఏడాది పాటు పోట్లాడి ఒప్పించాను. ఆఖరికి టెగనే, "నాన్నా, నా పేరు చెప్పి చచ్చిపోకు. ఆ బరువు నేను మొయ్యలేను," అంటే అప్పుడు తల ఊపాడు.

కొత్త కిడ్నీ పెట్టడానికి లోపల చోటు లేదన్నారు. ముందు పాతవాటిలో పెద్దదాన్ని, ఎడమదాన్ని, తీసేయాలి. దానికి రోజు నిర్ణయించాక నెరిడా నాకు ఫోన్ చేసింది. సంవత్సరంలో అదే మొదటిసారి.

"వదినా, ఎలా అడగాలో తెలీట్లేదు."

"అడుగు."

"తీసేసిన కిడ్నీని పారేస్తారు. నాకిస్తే... ఇన్నాళ్లూ మామూలు కిడ్నీల మీదే చూశాను. ఈ జబ్బు కణాలు దొరకడం చాలా కష్టం."

ఫోన్ పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయాను. వాణ్ని అడిగి చెబుతానని పెట్టేశాను. క్లిఫ్‌కి చెప్పాను. ఐసుముక్క బుగ్గన పెట్టుకుని ఉన్నాడు.

"ఇచ్చెయ్," అన్నాడు. "హలోరన్ ఇంట్లో ఎవరో ఒకరు కిడ్నీ ఇచ్చారని పేరైనా ఉంటుంది."

ఆపరేషన్ సిడ్నీలోనే, ఆవిడ ఆసుపత్రిలోనే అయింది. అప్పుడే పుట్టిన బిడ్డంత బరువుందట ఆ కిడ్నీ. నెరిడా థియేటర్ గుమ్మం దగ్గర ఐసు డబ్బాతో నిలబడి ఉంది. నర్సు తెచ్చి ఇచ్చింది. నెరిడా డబ్బాని రెండు చేతులా పొట్టకి ఆనించి పట్టుకుని నడవా చివరిదాకా వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలకి నాది క్లిఫ్‌కి పెట్టారు. పెట్టిన గంటల్లోనే పనిచేయడం మొదలెట్టింది. నేను మత్తు వదిలి కళ్లు తెరిచేసరికి వాడి బుగ్గలు ఎర్రగా ఉండడం పక్క మంచం మీంచి చూశాను. ఇన్నేళ్ల చేదులో అదొక్కటి తియ్యగా ఉంది. చెప్పకపోతే అన్యాయం.

తర్వాత చెకప్‌కి సిడ్నీ వెళ్లినప్పుడు నెరిడా నన్ను తన ల్యాబ్‌కి పిలిచింది. క్లిఫ్ రానన్నాడు. నేను వెళ్లాను. ఎందుకెళ్లానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా వాడి శరీరంలోది ఏమైందో చూడాలనిపించి ఉంటుంది. చిన్న గది, ఫ్రిజ్‌ల చప్పుడు. నెరిడా ఒక పళ్లెం మైక్రోస్కోపు కింద పెట్టి, "చూడు" అంది.

రాళ్లు పరిచిన నేలలా ఉంది. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతూ ఇరుకిరుకుగా కణాలు.

"ఇది మందు లేకుండా."

ఇంకో పళ్లెం పెట్టింది. అందులో కణాలు దూరం దూరంగా, ప్రశాంతంగా ఉన్నాయి.

"ఇది మందుతో. మచ్చ సరుకు కూడా ఇందులో సగానికి పడిపోయింది. రెండూ క్లిఫ్‌వే."

"అయితే పనిచేస్తోందిగా," అన్నాను.

"ఇక్కడ పనిచేస్తుంది."

"వాడు ఏడేళ్లు మింగాడు వదినా. రోజూ మింగాడు."

"తెలుసు."

"మరి?"

మైక్రోస్కోపు దీపం ఆర్పేసింది. "ఈ పళ్లెంలో పోసినంత మందు రక్తంలో ఉండాలంటే మాత్రలు గుప్పెళ్లతో మింగాలి. అన్ని మింగితే కండరాలు కరిగిపోతాయి. ఆ కరిగిన సరుకు వెళ్లి ముందు కిడ్నీలనే ముంచుతుంది. మామూలు మాత్రని లివరే చాలావరకూ పట్టేసుకుంటుంది, కిడ్నీ దాకా చేరేది చాలా తక్కువ."

"ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ తెలుసు. తక్కువైనా సరే, ఏళ్ల తరబడి వేసుకుంటే ఎంతో కొంత పనిచేస్తుందని ఆశపడ్డాను."

ఆ క్రిస్మస్ రోజు రొయ్యలు ఒలుస్తూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదని అడగాలనిపించింది. అడగలేదు. మేము ఎలా విన్నామో నాకు గుర్తుంది. చెప్పినా చెవికెక్కేది కాదు. అదే నాకు ఇంకా మంట.

ఆ పళ్లేల మీద నెరిడా రాసిన వ్యాసం పెద్ద పత్రికలో పడింది. ఆవిడకి పై పోస్టు వచ్చింది. న్యూకాజిల్ పేపర్లో "కిడ్నీ రోగులకు ఆశ: మన ఊరి అమ్మాయి పరిశోధన" అని ఫొటో వేశారు. ఊళ్లో బౌలింగ్ క్లబ్బు బార్‌లో బార్నీ క్లిఫ్ వీపు చరిచి, "మీ అక్క మందు కనిపెట్టిందటగా! అదృష్టవంతుడివిరా" అన్నాడు.

"అవును," అన్నాడు క్లిఫ్. "నా కిడ్నీ బాగుపడింది. నా ఒంట్లో లేనప్పుడు."

బార్నీకి అర్థం కాలేదు. ఇంకో బీరు చెప్పాడు.

టెగన్ పందొమ్మిదేళ్లకి స్కానింగ్ తీయించుకుంది. మాకు చెప్పకుండా వెళ్లింది. ఇంటికొచ్చి, బేకరీ బట్టలతోనే సోఫాలో కూర్చున్న నా పక్కన కూర్చుని, నా భుజం మీద తల పెట్టింది. చెప్పక్కర్లేకపోయింది. నా చెయ్యి దానంతటదే నా నడుముకి, కుట్ల మచ్చ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఇవ్వడానికి ఇంకేం మిగల్లేదు. క్లిఫ్ పెరట్లోకి వెళ్లి గడ్డి కోసే మిషన్ ఆన్ చేశాడు. కోసిన చోటే కోస్తూ చాలాసేపు తిరిగాడు.

కబురు తెలిసి మర్నాడే నెరిడా వచ్చింది. జుట్టు నెరిసింది. కూర్చోమనకముందే చెప్పింది.

"నాది టెగన్‌కి ఇస్తాను. ఈసారి తప్పించుకోను. కావాలంటే ఇప్పుడే రాసిస్తాను."

"రాసిచ్చి?" అన్నాను. "దానికి కావాల్సొచ్చేది ఇరవై ఐదేళ్ల తర్వాత. నీకు అప్పటికి ఎనభై. ఎవరు తీసుకుంటారు? డబ్బాలో పెట్టి దాచుకునేది కాదు కదా."

"గ్లెన్," అన్నాడు క్లిఫ్, చాలన్నట్టు.

"నువ్వు వీడికి ఇచ్చుంటే నాది దీనికి ఉండేది. అంతే వదినా. ఇంకేం లేదు. అంతే."

నెరిడా తల వంచుకుని నిలబడింది. జవాబు చెప్పడానికి ప్రయత్నించలేదు. ఆ ఒక్క విషయంలో ఆవిడని నేను మెచ్చుకుంటాను.

అప్పుడు టెగన్ అడిగింది. "అత్తా, ఆ మాత్ర నాకు పనిచేస్తుందా?"

"తెలీదు," అంది నెరిడా. వెంటనే, నిక్కచ్చిగా. "మీ నాన్నకి పనిచేయలేదు. పెద్దవాళ్లెవరికీ పనిచేయలేదు. చిన్న వయసులో, తిత్తులు చిన్నగా ఉన్నప్పుడే మొదలుపెడితే ఎలా ఉంటుందో చూడ్డానికి ఒక పరీక్ష మొదలవుతోంది. అదీ తేలిపోవచ్చు, ఏమీ లేదని. నేను ఆశ పెట్టను," అంది.

"సగం మందికి మందు లేని ఉత్త బిళ్ల ఇస్తారు కదా?"

"ఇస్తారు. నీకేది వస్తుందో నాకూ చెప్పరు."

టెగన్ చేరింది. నేను వద్దనలేదు. వద్దని దానికి బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? నెలకోసారి సిడ్నీ వెళ్లి రక్తం ఇచ్చి వస్తుంది. ఆ రాత్రి వాళ్ల అత్త ఇంట్లోనే పడుకుంటుంది. ఇద్దరికీ బాగానే కుదిరిందని క్లిఫ్ అంటాడు. అక్కతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు కూడా, వానల గురించీ ఫుట్‌బాల్ గురించీ. వాడు క్షమించాడు. క్షమించడానికి వాడి ఒంట్లో నా కిడ్నీ పనిచేస్తోంది.

నేను టెగన్‌ని స్టేషన్ దాకా దింపుతాను. "అత్తకేమైనా చెప్పనా?" అని అది ప్రతిసారీ అడుగుతుంది. "ఏం లేదు" అంటాను. రైలు కదిలాక కారులో కాసేపు కూర్చుని, తర్వాత బేకరీకి పోతాను.